పేరు పడిన వార్త

"శేషన్న పేరు తీసెయ్ జాషువా. నీ పేరు వేస్తా," అన్నాడు నరసన్న, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండానే.

ఆదోనిలో ఒక దినపత్రిక ఆఫీసు అది. నరసన్న దానికి ఇన్‌ఛార్జి. ఎదురుగా నిలబడ్డ జాషువాది ఎమ్మిగనూరు. ఎమ్మే జర్నలిజం చివరి సెమిస్టర్. సొంత పేరుతో ఒక్క కథనమైనా పత్రికలో అచ్చయితే తప్ప ప్రాజెక్టు తీసుకోరు, ప్రాజెక్టు లేనిదే పట్టా ఇవ్వరు. అది యూనివర్సిటీ నియమం. సోమవారంతో గడువు ముగుస్తుంది.

"ఆయన పేరు లేకపోతే ఇంకేముందన్నా అందులో? బడికి పోవాల్సిన పిల్లోళ్లను క్రాసింగ్ పనికి తోలుకపోయేది ఆయనే కదా?"

విత్తనపత్తి చేలలో ఒక్కో పువ్వునూ విప్పి, వేరే పువ్వు పుప్పొడి అద్దడమే క్రాసింగ్. చిన్న వేళ్లయితే పువ్వు నలగదని ఆడపిల్లల్ని పిలుస్తారు. కౌతాళం దగ్గరి ఒక పల్లెలో ప్రమీల అనే పాపతో, వాళ్లమ్మ పార్వతమ్మతో మాట్లాడి ఆ కథనం రాశాడు జాషువా. పాపను పంపకపోతే తల్లికీ పని లేదన్నాడు చేను ఆసామి శేషన్న. ఏడో తరగతిలో ఉండాల్సిన ప్రమీల చేనులో ఉంది.

"దీపావళికి మన పేపర్లో ఫుల్ పేజీ యాడ్ ఎవరిచ్చినారనుకుంటివి? మీ యూనివర్సిటీనా?" అన్నాడు నరసన్న.

"సరేన్నా, ఆ పేరొక్కటే తీసేయండి. మిగతాది ముట్టుకోవద్దు."

"అట్లనే పోప్పా. కొంచెం సాపు చేస్తా, అంతే."

ఆదివారం పొద్దున్నే ఎమ్మిగనూరు బస్టాండులో పత్రిక కొన్నాడు జాషువా. జిల్లా పేజీలో పైన పెద్ద శీర్షిక. 'పత్తి చేలో చిరునవ్వుల పంట'. దాని కింద అతని పేరు. పక్కన అతను తీసిన ప్రమీల ఫొటో.

అక్కడే నిలబడి చదవసాగాడు. బడి అయ్యాక పిల్లలు తమంతట తామే చేనుకొచ్చి అమ్మలకు సాయపడుతున్నారట. శేషన్న వాళ్లకు మజ్జిగ పోయించి, బిస్కెట్లు పంచి, కన్నబిడ్డల్లా చూసుకుంటున్నాడట. తీసెయ్యమన్న పేరు పేరాకొకసారి ఉంది. సగం చదివి మడిచేశాడు.

ఫోన్ తీశాడు. "ఇదేందన్నా? ఇది నేను రాసిందేనా?"

"నీ పేరుందా, లేదా?" అన్నాడు నరసన్న. "పెద్దక్షరాలతో ఉంది కదా? ఫొటో తీసి పంపుకో. మీ సారోళ్లు లోపలిదంతా యాడ సదువుతారప్పా!" పెట్టేశాడు.

బస్టాండు బల్ల మీద చాలాసేపు కూర్చున్నాడు జాషువా. మళ్లీ రాయడానికి గానీ, ఇంకో పత్రిక చుట్టూ తిరగడానికి గానీ టైము లేదు. చివరికి ఆ పేజీని ఫొటో తీసి ప్రాజెక్టు గైడుకు పంపాడు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. 'అభినందనలు. నియమం పూర్తయింది.'

ఆ వెంటనే పార్వతమ్మ ఫోన్ చేసింది.

"మా పాప బొమ్మ పేపర్లో పడిందంట గదప్పా! ఊర్లో ఒకటే సెప్పుకుంటాండారు. పేపరైతే తెప్పిచ్చినా, సదివేటోల్లే లేరు. పాపను సదవమంటే కండ్లు మండుతాండాయంటాది. మందు కొట్టిన సేను కదా. నువ్వొకతూరి రా నాయనా."

ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలి, కాళ్లు పట్టుకునైనా క్షమించమనాలి అనుకుంటూ బస్సెక్కాడు. తీరా వెళ్లేసరికి పార్వతమ్మ ఇంటి ముందు చేనుకు పోయే ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. అతని కోసం మంచం వాల్చి, దుప్పటి పరిచారు. ప్రమీల గడపలో కూర్చుని పుప్పొడి మరకలు పడిన వేళ్లు రుద్దుకుంటోంది.

"సదువప్పా," అని పార్వతమ్మ పత్రిక చేతికిచ్చింది.

జాషువా పత్రిక విప్పాడు. పేజీ వైపు చూస్తూ, అచ్చయింది వదిలేసి తను రాసిన అసలు కథనాన్ని చదవడం మొదలుపెట్టాడు. ప్రతి వాక్యమూ అతనికి కంఠస్థమే.

"ప్రమీల బడి గంట విని చాలా నెలలైంది. తెల్లారకముందే చేనులో ఉంటుంది. మందు వాసనకు కళ్లు తిరిగి పడిపోతే గట్టు మీద పడుకోబెట్టారు గానీ, ఆసుపత్రికి తీసుకుపోలేదు. పాపను పంపకపోతే నీకూ పని లేదని శేషన్న ఆమె తల్లితో అన్నాడు..."

చివరిదాకా తడబడకుండా చదివాడు. పార్వతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నా మనసులోది ఉన్నదున్నట్ల రాసినావు నాయనా. నువ్వు సల్లగుండల్ల. రేపే ఈ పేపరు ఎత్తుకపోయి శేషన్న ముందరేస్తా. మా కత లోకానికంతా తెల్సింది, పాపను బడికి పంపుతానని మొగం మీదనే సెప్తా."

"మేమూ వస్తాం పదక్కా," అన్నారు ఆడవాళ్లు.

జాషువా మంచం మీంచి లేచాడు. "ఈడనే ఉంచు పార్వతక్కా, ఇప్పుడే వద్దు..." అంటూ పత్రిక మడవబోయాడు.

ప్రమీల లేచి వచ్చి మెల్లగా ఆ పత్రిక అందుకుంది. తన ఫొటో కింద అచ్చయిన వాక్యం మీద వేలు పెట్టి, అమ్మకు వినపడనంత చిన్నగా అడిగింది.

"'పత్తి చేనే నా బడి' అని నేనెప్పుడు సెప్పినానన్నా?"