వదలమని చెప్పేదాకా

అర్ధరాత్రి ఛాతీ నొప్పితో వచ్చిన పెద్దాయనను స్కానింగ్ బల్ల మీద పడుకోబెట్టి, అద్దానికి ఇవతలి గదిలోకి వచ్చాను. రోజూ అందరికీ చెప్పే మాటే మైకులో ఆయనకీ చెప్పాను.

"తాతగారూ, ఊపిరి బిగబట్టండి. నేను చెప్పేదాకా వదలకండి."

యంత్రం గుయ్‌మని తిరిగి ఆగింది. బొమ్మలు డాక్టరుగారికి పంపి, కాగితాలు రాసుకుంటుంటే ఫోన్ మోగింది.

"ఏమ్మా, ఎవరివి పంపావు ఇవి? గుండె దగ్గర పెద్ద రక్తనాళం రెండుగా తెగిపోయి ఉంది. ఇలా తెగితే మనిషి రెండు నిమిషాలు కూడా ఉండడు."

"భలేవారే సార్! 'మోయడానికి అప్పుడే నలుగురెందుకమ్మా' అని నవ్వుతూ తనే బల్ల ఎక్కాడాయన."

అంటుండగానే గుర్తొచ్చింది. ఊపిరి వదలమని చెప్పడం మర్చిపోయాను. గడియారం చూశాను. ఎనిమిది నిమిషాలైంది.

అద్దంలోంచి చూస్తే ఆయన ఛాతీ కదలడం లేదు. బుగ్గలు మాత్రం బడిపిల్లాడిలా పూరించుకునే ఉన్నాడు. మెల్లగా తల నావైపు తిప్పాడు. వదలనా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

"మాట్లాడమ్మా, ఎలా ఉన్నాడు?" అని ఫోన్లో డాక్టరుగారు అరుస్తున్నారు.

మైకు బటన్ మీదికి వెళ్ళిన నా వేలు గాల్లోనే ఉండిపోయింది.