దొరగారి బొట్టు

“ఏవండీ, మీరు పెట్టిన బొట్టు పేపర్లోకెక్కింది!”

సుధేష్ణ ఫోను తెచ్చి మొగుడి మొహం ముందు పెట్టింది. త్రినాథ్ ఫోను లాక్కుని చూశాడు. ఊరి చౌరస్తాలోని మేజర్ థార్న్‌టన్ రాతి విగ్రహం ఫోటో అది. నిన్న పొద్దున తను నుదుట దిద్దిన కుంకుమ రాత్రి వానకి కరిగి, ముక్కు మీదుగా గడ్డం దాకా కారింది. కింద పెద్ద అక్షరాల్లో రాశారు: ‘హంతకుడి మొహాన నెత్తురు. ఊరు మేలుకుంది.’

“నెత్తురేంటే? అది కుంకుమ!”

“ఆ సంగతి మీకూ నాకూ తెలుసు. ఐర్లండులో వాన పడని రోజుంటుందా? స్టిక్కరు పెట్టి రావాల్సింది!”

“నిన్న మా ఊళ్ళో కాలవకి నీళ్ళొదిలిన రోజు. ఊరుకోబుద్ధి కాలేదు.”

ఊరుకుని ఉంటే బావుండేది. పోర్ట్‌లీష్ టౌనుకి అయిదు మైళ్ళ అవతల, ఎవరి గొడవ వాళ్ళు చూసుకునే ఆ చిన్న ఊరు రెండు వారాల్లో రెండుగా చీలింది. విగ్రహం పీకెయ్యాలని కొందరు, ఉండనివ్వాలని కొందరు. కౌన్సిల్ వాళ్ళు తెలివైనవాళ్ళు. చౌరస్తాలో పూలమొక్కలు పెంచే కమిటీ మీదికి తోసేశారు, మీరెలా అంటే అలాగే అని. కమిటీలో ఎనిమిది మంది. శనివారాలు మొక్కలకి నీళ్ళు పోస్తాడు కనక త్రినాథ్ కూడా అందులో ఉన్నాడు. ఉంచాలనేవాళ్ళు త్రినాథ్‌తో కలిపి నలుగురు, తీసెయ్యాలనేవాళ్ళు నలుగురు. ఎవరు ఎటో పబ్బులో అందరికీ తెలుసు. ఒక్క ఓటు అటునుంచి ఇటు జరిగితే చాలు, దొరగారి సంగతి తేలిపోతుంది.

తీసెయ్యాలనేవాళ్ళకి పెద్ద, పక్కింటి డెక్లన్. డెబ్భై దాటినవాడు. వచ్చిన కొత్తలో బాయిలర్ పాడైతే త్రినాథ్ కుటుంబాన్ని మూడు రోజులు తనింట్లో పెట్టుకుని సూప్ కాచిపోసినవాడు. అలాంటి మనిషికి ఎదురుగా ఓటు వెయ్యాలంటే త్రినాథ్‌కి ప్రాణం ఉసూరుమంటోంది. అలాగని దొరని వదులుకోవడం ఎలా?

గురువారం సాయంత్రం ఇద్దరూ కలిసే మీటింగుకి నడిచారు. సగం దారిలో త్రినాథ్ ఇక ఆపుకోలేకపోయాడు.

“డెక్లన్, ఆ ఎరుపు పూసింది నేనే.”

డెక్లన్ టక్కున ఆగి అతని వీపు మీద చరిచాడు. “నువ్వా! గ్రాండ్! ఉంచాలంటూనే ఇంత పని చేశావా, దొంగా!”

“నెత్తురనుకుని కాదండీ. మేం దేవుడికి పెడతాం అది.”

“దేవుడికా? అతనికా?”

“ఇండియాలో మా వైపు కాలవ తవ్వించింది ఆయనే. అంతకుముందు కరువొస్తే ఇళ్ళకిళ్ళు ఖాళీ అయిపోయేవట. ఇప్పటికీ నీళ్ళొచ్చిన రోజున మొదటి చెంబు ఆయన పేరు చెప్పి వదులుతారు. మా నాన్న గట్టు మీద చెప్పులు విప్పి మరీ వదిలేవాడు. ఆయన లేకపోతే నేను లేను.”

డెక్లన్ రోడ్డు పక్క గుంట వైపు తిరిగాడు.

“మీ దగ్గరికి రాకముందు ఆ మనిషిక్కడ మాకు భూస్వామి. బంగాళదుంపల పంట కుళ్ళి కరువొచ్చిన ఏడాది, శిస్తు కట్టలేదని మనుషుల్ని పంపి మా ఇంటి కప్పు పీకించాడు. మా తాత వాళ్ళ నాయనమ్మకి అప్పుడు తొమ్మిదేళ్ళు. తల్లీ ఇద్దరు తమ్ముళ్ళూ ఇదే రోడ్డు పక్కన గుంటలో పోయారు. ఆవిడ ముసలిదయ్యాక కూడా ఎవరన్నా తలుపు గట్టిగా కొడితే మంచం కిందికి దూరేదట. రొట్టె కొనుక్కోడానికి వెళ్ళినప్పుడల్లా వాడి మొహం చూడాలి నేను.”

తొమ్మిదేళ్ళ పిల్ల. త్రినాథ్ కూతురు ఐశ్వర్యకీ తొమ్మిదే.

“సరే పద,” అన్నాడు డెక్లన్. “నీ ఓటు నువ్వు వెయ్యి, నాది నేను వేస్తాను. రేపు పొద్దున కూడా పక్కింటివాళ్ళమే.”

చీటీలు పంచారు. పేర్లు రాయక్కర్లేదు. త్రినాథ్ పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కళ్ళముందు నాన్న కదిలాడు. వెంటనే మంచం కింద ముడుచుకున్న ముసలమ్మ కనపడింది. దొరా, నీ నీళ్ళు తాగి పెరిగాం, మేం మర్చిపోంలే, కానీ డెక్లన్‌ని వదిలెయ్యి అనుకున్నాడు. ‘తీసెయ్యాలి’ అని రాసి, ఎవరూ చూడకుండా మడిచి డబ్బాలో పడేశాడు. తండ్రికి తప్పు చేసినట్టనిపించింది, ఆ వెనకే గుండె కాస్త తేలికపడింది. ఇక అయిదు, మూడు. ఊళ్ళో రేపట్నించి విగ్రహం ఉండదు.

అధ్యక్షురాలు నోరా కళ్ళజోడు సవరించుకుని చీటీలన్నీ విప్పింది.

“ఉంచాలి, నాలుగు. తీసెయ్యాలి, నాలుగు. మనకి తెలిసిందేగా! వచ్చే నెల మళ్ళీ కూర్చోవాల్సిందే.”

అందరూ నిట్టూర్చి టీ కప్పులందుకున్నారు. త్రినాథ్ మాత్రం కొయ్యబారిపోయాడు. నాలుగెలా అవుతాయి? తన చీటీ ఏమైనట్టు?

“నోరా, లెక్క తప్పినట్టుంది. ఇంకోసారి చూడండి,” అన్నాడు లేచి నిలబడి.

బల్లకి అవతల డెక్లన్ అప్పటికే లేచి ఉన్నాడు.

“తప్పే నోరా! ‘ఉంచాలి’ అన్నవి అయిదుండాలి!”