ఆఖరి దివిటీ

పదకొండో రోజు కాకి పిండం ముట్టలేదు.

మామిడితోపు చివర గట్టు మీద విస్తరి పెట్టి గంట దాటింది. టేకుచెట్టు మీద ఒకే ఒక్క కాకి తీరుబడిగా ముక్కు రాసుకుంటోంది. కింద ఎండలో నిలబడి బంధువులంతా పోయినవాడి కోరికలు ఊహిస్తున్నారు.

"కొత్త బండి కావాలన్నాడు కదా, అదేమో."

"మీ అమ్మను బాగా చూసుకుంటాంలే నాయనా," అన్నాడు మేనమామ.

కాకి కదల్లేదు.

పోయినవాడు గిరిప్రసాద్. ఇరవై నాలుగేళ్లు. బంగారుపాళ్యం దగ్గర హైవే మీద ఏదో కారు వాడి బండిని గుద్ది ఆగకుండా పోయింది. రోడ్డు మీద పగిలిన హెడ్‌లైటు ముక్కలు, వాటి అంచున నీలిరంగు పెచ్చులు దొరికాయి. పోలీసులు తీసుకెళ్లగా మిగిలిన ముక్కను తండ్రి దొరస్వామి జేబులో వేసుకున్నాడు. మైల అని కూడా చూడకుండా కార్లు బాగుచేసే షెడ్లన్నీ తిరిగాడు. బంగారుపాళ్యం అయింది. చిత్తూరు అయింది. కాణిపాకం రోడ్డు అయింది. పాకాల ఒక్కటి మిగిలింది.

దొరస్వామి విస్తరి ముందు కూలబడ్డాడు.

"నిన్ను గుద్దినోణ్ణి వదిలిపెట్టను నాయనా. యాడున్నా పట్టుకుంటా."

కాకి కొమ్మ దిగింది. గట్టు మీద రెండు గెంతులు గెంతి ఆగింది.

"గిరీ!" వెనకనుంచి గొంతు చించుకుని అరిచాడు జయచంద్ర. కాలేజీ రోజుల నుంచి గిరికి ప్రాణస్నేహితుడు. "నీ ఆట మీ నాయన పూర్తి చేస్తాడురా! నూరు శాతం చేస్తాడు!"

కాకి ముట్టింది.

గిరి తల్లి దేవకమ్మ జయచంద్రను పట్టుకుని బావురుమంది. కన్నతల్లికి తట్టని కోరిక స్నేహితుడికి తట్టింది మరి.

అది టీవీకి తగిలించి ఆడే ఆట. కొండలు, కోటలు, నిప్పులు కక్కే మృగాలు. గుర్రమెక్కి ఎక్కడికి కావాలంటే అక్కడికి పోవచ్చు. ఆ లోకంలో దాచిన నూటఇరవై దివిటీలనూ వెతికి వెలిగించాలి. గిరి డెబ్బై వెలిగించాడు. తెర మూలన యాభై ఎనిమిది శాతం అని ఉంది.

యాభై ఎనిమిదేళ్ల దొరస్వామి కంట్రోలరు పట్టుకున్నాడు. మొదటి వారమంతా గుర్రాన్ని వాగులోకే తోలాడు. దారిలో చేను కనబడితే గుర్రం దిగి గట్టు వెంట నడిచేవాడు.

"అది నిజం పైరు కాదు పెదనాయనా, తొక్కచ్చు," అని నవ్వేవాడు జయచంద్ర.

"ఎవురిదైనా పైరు పైరే కదప్పా."

జయచంద్ర రోజూ వచ్చేవాడు. బస్సు దిగి, రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి వచ్చేవాడు. దేవకమ్మ సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి, తినేదాకా పక్కనే కూర్చునేది. ఆ గదిలో మళ్లీ ఒక కుర్రాడి నవ్వు వినబడడం ఆమెకు కొండంత ధైర్యం.

మూడో వారం ఒక లోయలో గిరి కట్టుకున్న ఇల్లు కనబడింది. ఇంటి ముందు వరసగా చెట్లు. చెట్ల నడుమ తలపాగా చుట్టిన దిష్టిబొమ్మ. దగ్గరికి పోతే గిరి దానికి పెట్టిన పేరు తెర మీద వచ్చింది. 'మా నాయన'. దొరస్వామి టీవీ పట్టుకుని బోరున ఏడ్చాడు. ఆ రోజు ఆట సాగలేదు.

మరునాడు చొక్కా తొడుక్కుని హెడ్‌లైటు ముక్క జేబులో వేసుకున్నాడు.

"పాకాల దాకా పోయొస్తా."

దేవకమ్మ వాకిలికి అడ్డం నిలబడింది. "ఆట మాటకే కదా కాకి ముట్టింది. మొదట బిడ్డ కోరిక తీర్చు. పాకాల యాడికీ పోదు."

జయచంద్ర టీవీ వేసి, కంట్రోలరు తెచ్చి పెద్దాయన చేతికిచ్చాడు.

తోపులో మామిడి కోతకొచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీ లారీలు వచ్చి, కేకేసి, పక్క తోటలకు పోయాయి. కాయ రాలి, మాగి, ఈగలు ముసిరాయి. దొరస్వామి మంచుకొండ ఎక్కుతున్నాడు. తొంభై శాతం. తొంభై ఐదు. తొంభై తొమ్మిది.

అక్కడ ఆగిపోయింది. ఒక్క దివిటీ దొరకలేదు. పన్నెండు రోజులు వెతికారు. "ఇంకో మూల సూద్దాం పెదనాయనా," అని జయచంద్ర విసుగులేకుండా కొండలూ గుట్టలూ తిప్పాడు. దొరస్వామికి అన్నం సయించడం మానేసింది. కళ్లు మూస్తే కాకి తిరిగి కొమ్మెక్కి కూర్చున్నట్టు కలలు.

పదమూడో రోజు మధ్యాహ్నం జయచంద్రకు ఫోను వచ్చింది. బయటికెళ్లి మాట్లాడి వచ్చాడు.

"పెదనాయనా, ఆ జలపాతం ఎనక సూసినామా?"

దివిటీ అక్కడే ఉంది. వెలిగింది. తెర నిండా నూరు శాతం అని పడింది. దేవకమ్మ పరుగున పోయి గిరి ఫోటో ముందు దీపం పెట్టింది.

దొరస్వామి జయచంద్ర రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకున్నాడు. రెండు నెలలకు ఆయన గుండె బరువు దిగింది.

"నువ్వూ నా కొడుకువే నాయనా. మాట తీరింది. రేప్పొద్దున పాకాలకు పోతా, తోడు రా."

"వస్తా పెదనాయనా."

ఆ సాయంత్రం పాకాలలో బస్సు దిగి జయచంద్ర షెడ్డుకు వెళ్తే, మెకానిక్ కొత్త హెడ్‌లైట్లు వెలిగించి చూపించి, నీలం పోయి తెల్లరంగు పడ్డ అతని కారు తాళాలు చేతిలో పెట్టాడు.