కత్తిరించే ముందు

దర్జీ బాత్రూంలోంచి బయటికొచ్చి, కుట్టుమిషను మీదున్న గిన్నెలో ఏడో గుండీ వేశాడు. పొద్దున్నుంచి ఏడుసార్లు. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.

పొట్టకు తగిలించిన మలం సంచి తీసేసి, పేగును మళ్ళీ లోపల కలిపి కుట్టి ఇరవై రోజులైంది. ఎనిమిది నెలలు ఆ సంచితో కాపురం చేశాడు. అది తిరిగొస్తుందేమో అన్నదే ఆయన భయం. తన కుట్టు మీదున్న నమ్మకం డాక్టరు కుట్టు మీద లేదు.

"మొదట్లో ఇంతేనన్నారుగా. మెల్లగా దారికొస్తుంది," అంది భార్య.

ఆయనకు తోడుగా తనూ ఆ చప్పిడి తిండే తింటోంది. ఆస్పత్రికీ ఇంటికీ తిరిగి చిక్కి సగమైంది.

కొలతల పుస్తకం కోసం అలమర తెరిస్తే, పుస్తకం వెనక కొత్త డబ్బా కనిపించింది. నిండా సంచులే. సీలు కూడా తియ్యలేదు.

"ఇవెందుకు?"

"ఇంట్లో ఉంటే మంచిదని." ఆవిడ మొహం తిప్పుకుంది.

పొద్దున రిపోర్టు తెస్తానని ఆస్పత్రికి వెళ్ళి, ఉత్త చేతులతో వచ్చింది. డాక్టరు ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్ళి మాట్లాడుతోంది.

"సాయంత్రం అక్క వస్తోంది. కొన్నాళ్ళు ఉంటుంది," అంది.

"ఎందుకు?"

"ఊరికే."

ఇక ఆయనకు ఏ అనుమానమూ మిగల్లేదు. మొదటి ఆపరేషన్‌కు ముందురోజు కూడా ఆ అక్కే వచ్చింది. ఆ రోజే నర్సు, సంచి ఎక్కడ రావాలో చూసి, ఆయన పొట్ట మీద నల్ల ఇంకుతో గుండ్రంగా గుర్తు పెట్టింది. "మీరు బట్ట మీద సుద్దతో గీస్తారు కదా, ఇదీ అంతే," అని నవ్వింది. ఆయనకు నవ్వు రాలేదు. సుద్ద గీశాక కత్తెర ఆగదని ఆయనకు తెలుసు.

"నిజం చెప్పు. నన్ను మళ్ళీ కోస్తారా?"

"మిమ్మల్నెవరూ కొయ్యరు."

ఆయన నమ్మలేదు. ఆవిడ స్టూలు లాక్కుని ఎక్కింది. అటక మీద ఆస్పత్రికి తీసుకెళ్ళే పెట్టె ఉంది. దాన్ని అందుకోవడానికి రెండు చేతులూ పైకి చాచింది. ఆయనే కుట్టిన టాపు అంచు జానెడు పైకి లేచింది.

ఆవిడ బొడ్డు పక్కన, నల్ల ఇంకుతో, గుండ్రంగా గుర్తు పెట్టి ఉంది.