వేధించిన విద్యార్థి పేరు

“దెబ్బ లేదు, గాయం లేదు, చిరిగిన బట్ట లేదు. ఇదేం వేధింపమ్మా?” వైస్ ప్రిన్సిపాల్ లెడ్‌బెటర్ ఫారాన్ని బల్ల మీదికి విసిరాడు.

ఎదురుగా రెనాటా ఆర్కట్ కూర్చుంది. మోటెల్‌లో దుప్పట్లు ఉతికే పని ఆమెది. ఆ యూనిఫాంలోనే వచ్చింది. పక్కన పన్నెండేళ్ళ కూతురు టామ్సిన్. తల ఎత్తడం లేదు.

“మాటలతో చంపుతున్నారు సార్. నాలుగు నెలలయింది. పిల్ల తిండి మానేసింది.”

“ఎవరు?”

“ఫారంలో రాశాను కదా.”

రాసింది. వేధించిన విద్యార్థి పేరు: మారిసోల్ కింటెరో.

లెడ్‌బెటర్ నవ్వాడు. ఈ నెలలో ఇలాంటి ఫారం ఇది ఆరోది. సర్కారు బడిలో పిల్లని ఏడిపించారని ఫారం వెళితే బయటి బడి ఫీజు ఫ్లోరిడా సర్కారే కడుతుంది. హైవే పక్కన చర్చి బడివాళ్ళు బ్యానర్ కట్టిన దగ్గర్నుంచి ఊళ్ళో ప్రతి తల్లికీ తన పిల్ల ఏడుస్తున్నట్టే కనిపిస్తోందని ఆయన నమ్మకం. ఉన్నవాళ్ళు అడిగితే హక్కు, దుప్పట్లు ఉతికే మనిషి అడిగితే మోసం. లోకం తీరే అది.

చర్చి బడిలో సీట్లు శుక్రవారం దాకానే. లెడ్‌బెటర్ సంతకం లేకపోతే టామ్సిన్ ఇక్కడే ఉండిపోవాలి.

“ఏమ్మా తాబేలూ, నువ్వు చెప్పు,” అన్నాడు. ఆ పిల్లకి మాట తడబడుతుంది, స్కూలంతా పిలిచేది ఆ పేరుతోనే. “బస్సు వెళ్ళిపోయేలోగా చెప్పాలి సుమా.”

“మా... మా...”

“మారిసోల్. తర్వాత?”

“రో... రో...”

“రోజూ ఏడిపిస్తోంది. అమ్మ నేర్పింది ఇంతేనా, ఇంకా ఉందా?”

రెనాటా పిడికిలి బిగించింది. చూపు మాత్రం ఫారం మీదికి దించుకుంది. అది చూసి ఆయన అనుమానం ఇంకాస్త ముదిరింది. మారిసోల్‌ని పిలిపించాడు.

ఆ పిల్ల వచ్చీరాగానే, “నేనే సార్. నాలుగు నెలల నుంచీ ఏడిపిస్తున్నా. రాసుకోండి,” అంది.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో అడక్కముందే ఒప్పుకున్న పిల్లని ఆయన చూడలేదు.

“ఏం చేశావు?”

“తాబేలూ అని పిలిచాను. తను మాట్లాడుతుంటే మధ్యలో అందుకుని నేనే పూర్తి చేశాను. అందరూ నవ్వారు.”

“నిన్న మధ్యాహ్నం నీ డబ్బాలోని ఎంపనాడా, ఆ మాంసం కజ్జికాయ, సగం విరిచి దీనికే పెట్టావు. నా కళ్ళతో చూశాను. ఏడిపించేవాళ్ళు అన్నం పెడతారా?”

మారిసోల్ టామ్సిన్ కుర్చీ పక్కకి జరిగి నిలబడింది.

“ఇంటికి పంపించేస్తారు. నీ రికార్డులో ఉండిపోతుంది. తెలుసా?”

“తెలుసు సార్.”

“తెలిసీ ఒప్పుకున్నావంటే బాగానే వండారు కథ, ముగ్గురూ కూచుని.” ఫారం దగ్గరికి లాక్కుని ‘అబద్ధపు ఫిర్యాదు’ అని రాయబోయాడు.

“ఏడిపించడం అబద్ధం కాదు సార్,” అంది రెనాటా. “పేరొక్కటే అబద్ధం.”

కలం ఆగింది. “మరి అసలు పేరు రాయడానికేం?”

తల్లికి బదులు మారిసోల్ చెప్పింది. “ఆ గడిలో విద్యార్థి పేరే ఉండాలట. ఇంకెవరి పేరు రాసినా ఫారం వెనక్కొచ్చేస్తుందని ఆఫీసులో చెప్పారు. అందుకే నా పేరు రాయమన్నాను. తనైనా బయటపడుతుందని.”

లెడ్‌బెటర్ ముఖం ఎర్రబడింది. “విద్యార్థి కాకపోతే ఇంకెవరు? టీచరా? నా బడిలోనా? ఎవరో చెప్పండి, సాయంత్రానికల్లా ఉద్యోగం పీకిస్తాను.”

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెనాటా తల పంకించింది, చెప్పమన్నట్టు.

“మీ... మీ...” అంది టామ్సిన్.

“ఆఁ, మిస్టర్ ఎవరు?” మాట అందించాడు ఆయన.

“మీరు.”