పిట్టగోడ మీది ఎండ

కదిరిలో ఎండకు కొదవ లేదు కానీ, అది కదిరివాళ్లది కాదు. నాగవేణి ఇంటి మిద్దె మీది ఎండను ఆమె భర్త ఏనాడో తూర్పు దేశంవాళ్లకు రాసిచ్చాడు. పక్కింటి మాబున్నీ మిద్దె మీది ఎండ పడమటి దేశంవాళ్ల పాలయింది. రెండు మిద్దెల నిండా ఎండతో కరెంటు తీసే పలకలే. వాటి మీద చీర కొంగు నీడ పడినా జరిమానా.

పురిటికొచ్చిన కూతురికి అన్నం సహించడం లేదు. గుమ్మడి వడియాలుంటే నాలుగు ముద్దలు తింటానంది. నాగవేణి పొద్దున్నే పిండి రుబ్బి కూర్చుంది. ఈరోజు ఎండ తగలకపోతే అది పులిసిపోతుంది.

"వేణక్కా, నడిమి పిట్టగోడ ఎవరికీ రాసియ్యలేదు కదా!" అంది మాబున్నీ.

నిజమే! ఇద్దరూ గోడ పొడవునా తడిగుడ్డ పరిచి వడియాలు పెట్టారు. చివరి వరుస పెడుతుండగానే తూర్పువాళ్ల డ్రోను వచ్చి నెత్తిమీద నిలిచింది.

"ఈ గోడ మీది ఎండ మాది" అంది.

వెనకే పడమటివాళ్లది వచ్చి, "కాదు, మాది" అంది.

"మీ కొట్లాట పాడుగాను, పక్కకు జరిగి కొట్టుకోండప్పా!" అని అరిచింది నాగవేణి.

ముందు అది జరగాలని ఇది, ఇది జరగాలని అది. పొద్దు వాలేదాకా చాపలంత రెక్కలు పరుచుకుని రెండూ అక్కడే ఉన్నాయి. ఊరంతా ఎండ కాసింది, ఆ గోడ మీద తప్ప.

నాగవేణి ఒక వడియాన్ని నొక్కి చూసింది. పుల్లటి ముద్ద వేలికి అంటుకుంది.

"అమ్మా, ఆరినాయా?" కింద నుంచి కూతురు కేకేసింది.

"ఎండ ఎవరిదో తేలనీమ్మా, ఆరతాయి!"