తారు పూసిన రాయి

తారు కాకుండా ఒట్టి మట్టి పూయించినా సరిపోయేది కదా, వానకైనా కడుక్కుపోయేది, అనుకుంటూ భీమశంకరరావు యారాడ కొండ ఎక్కుతున్నాడు.

తారు ఆలోచన తన కింద పనిచేసే గురునాథరావుది కాదు. తనదే. పొద్దున కబురు విన్నప్పటి నుంచీ ఆ మాట తనకు తానే చెప్పుకుంటున్నాడు.

ఇద్దరూ అనంతపురం వాళ్లు. డెబ్భై ఆరులో, దొంగ సరుకు పడవల్లో దిగుతోందని కస్టమ్స్ పై ఆఫీసు వాళ్లను ఇంత దూరం పంపింది. అంతకుముందు సముద్రం చూసి ఎరగరు. వాళ్ల సీమలో రాయికి సున్నం కొట్టారంటే అది పొలం హద్దు. ఇక్కడేమో ఏ పొలమూ లేనిచోట, నీళ్లకెదురుగా, ప్రతి శుక్రవారం ఓ ముసలివాడు రాయికి సున్నం కొడుతున్నాడు.

"సైగే సార్, అనుమానం లేదు," అన్నాడు గురునాథరావు.

ముసలివాడి పేరు పోలిరాజు.

"ఎవరికోసం ఈ సున్నం?" అని అడిగాడు భీమశంకరరావు.

"ఒచ్చీవోళ్లకి బాబూ."

"వాళ్ల పేర్లు చెప్పు."

పోలిరాజు నవ్వాడు. "ఎంతమందివని సెప్పను?"

ముఠా పెద్దదని గురునాథరావు కాగితం మీద రాసుకున్నాడు.

భీమశంకరరావు రాయికి తారు పూయించాడు. ముసలివాణ్ణి మూడు రోజులు గదిలో కూర్చోబెట్టాడు. ఏమీ తేలక నిన్న మధ్యాహ్నం వదిలేద్దామనుకున్నాడు.

"గాలి తిరిగింది. నాను బేగి ఎల్లాల బాబూ," అన్నాడు పోలిరాజు.

ఆ తొందర చూసి భీమశంకరరావుకు ఒళ్లు మండింది. ఇంకో గంట కూర్చోబెట్టి వదిలాడు. ఊరికే.

ఇప్పుడు కొండెక్కేసరికి రాయి దగ్గర చేపలమ్మే పాపాయమ్మ ఒక్కతే ఉంది. ఆమె కొట్టిన సున్నం కొట్టినట్టే తారు మీంచి జారిపోతోంది.

"ఇంకేటి పూత్తావని ఒచ్చినావు బాబూ?" అంది, చూపు తిప్పకుండా.

అతను రాయి పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆమే చెప్పుకుపోయింది.

"ఈ తెల్లరాయీ, ఎనకాల తాడిచెట్టూ ఒక్క వరసలోకొత్తే నావకి అదే దారి. అటూ ఇటూ నీట్లో రాళ్లే. నిన్న ముసిలోడు పంచె ఇప్పీసి, రెండు సేతుల్తో పట్టుకుని దీని మీద నిలబడ్డాడు. నిన్నటి నావలన్నీ ఒచ్చీసినాయి. ఆఖరిది ఒడ్డెక్కినాక జారిపోనాడు. కొత్త తారు మీద కాలు నిలుత్తాదేటి?"

"మిగతావాళ్లు..."

"మగోళ్లంతా ఆయన్ని మట్టి సెయ్యడానికెల్లారు. దూరం ఏటకెల్లిన మూడు నావలు ఇయాల రావాల. ఆళ్లకియ్యేవీ తెల్దు."

పొద్దు వాలుతోంది. దూరంగా మూడు తెరచాపలు కనిపించాయి. మూడూ రాళ్లవైపే వస్తున్నాయి.

భీమశంకరరావు బూట్లు విప్పాడు. తెల్లచొక్కా విప్పాడు. రాయెక్కి, చొక్కాను రెండు చేతులా చాచి పట్టుకున్నాడు. అరికాళ్లకు తారు అంటుకుంది.

మొదటి నావ మెల్లగా దారికి మళ్లింది.

"నాయనా! ఒచ్చీసినాం!" అని అందులోంచి కేక.

రెండో నావలోంచీ అదే కేక. మూడో నావలోంచీ.

"ముగ్గురూ ఆయన కొడుకులా?" అన్నాడు.

"ఆయనకి పెళ్లే కానేదు బాబూ."

భీమశంకరరావు చొక్కాను ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాడు.